కారంపూడి వీరుల గుడి

కారంపూడి వీరుల గుడి ఆంధ్ర ప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా, కారంపూడిలో నాగులేరు ఒడ్డున ఉన్న స్మారక దేవాలయం. 12వ శతాబ్దపు చివరి పాదంలో జరిగిన పల్నాటి యుద్ధంలో మరణించిన వీరులను ఇక్కడ దైవాలుగా కొలుస్తారు. ఈ వీరులు అరవై ఆరుగురు అని సంప్రదాయం. వీరిని ఆరాధించే పద్ధతికి వీరాచారం అని పేరు. ప్రతి సంవత్సరం కార్తీక అమావాస్య నాడు మొదలై ఐదు రోజుల పాటు ఇక్కడ పల్నాటి వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. వీటినే వీరుల తిరునాళ్ళు అని కూడా అంటారు.

దేవుడి కోసం కట్టిన గుడులు తెలుగునాట ఊరూరా ఉన్నాయి. రాజ్యం కోసం అన్నదమ్ముల బిడ్డలు చేసుకున్న యుద్ధంలో చనిపోయిన మనుషులకు, అందునా వేర్వేరు కులాలకు చెందిన వారికి, ఒకే చోట శతాబ్దాలుగా పూజలు జరుగుతున్న గుడి కావడం ఈ ఆలయ విశిష్టత.

ఉనికి

కారంపూడి ఒక మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ తరువాత నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరింది. ఇది గురజాల రెవెన్యూ డివిజనుకు, మాచర్ల శాసనసభ నియోజకవర్గానికి చెందుతుంది. పల్నాటి వీరచరిత్రలో ఈ ఊరి పేరు కార్యమపూడి అని కనిపిస్తుంది. కారెంపూడి అని రాసేవారు కూడా ఉన్నారు. ఊరి పక్కనే నాగులేరు ప్రవహిస్తుంది. యుద్ధం ఈ ఏటి పరిసరాలలోనే జరిగిందని ప్రజల విశ్వాసం. కథలో రాజధానులుగా పేర్కొన్న గురజాల, మాచర్ల పట్టణాలు రెండూ ఈ ప్రాంతంలోనివే.

చారిత్రక నేపథ్యం

హైహయ వంశీయుడైన అనుగురాజు వెలనాటి చోడుల కుమార్తె మైలమదేవిని వివాహమాడి, పల్నాటి సీమను అరణంగా పొందాడు. గురజాల రాజధానిగా పాలించాడు. అతనికి ముగ్గురు భార్యలు. మైలమదేవి కుమారుడు నలగామరాజు. సవతి సోదరులలో ముఖ్యుడు మలిదేవరాజు. రేచర్ల బ్రహ్మనాయుడు అనుగురాజుకు మంత్రి. అనుగురాజు తరువాత నలగామరాజు రాజయ్యాడు. జిట్టగామాలపాడుకు చెందిన నాగమ్మ ఆయన కొలువులో మంత్రిణి అయింది. ఈమెనే నాయకురాలు నాగమ్మ అంటారు. అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలు పెరగగా రాజ్యం రెండుగా చీలింది. నలగాముడు గురజాలలోను, మలిదేవుడు బ్రహ్మనాయుడి అండతో మాచర్లలోను పాలన సాగించారు.

ఆ తరువాతి కథ కోడిపందెంతో మలుపు తిరుగుతుంది. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగిడేగల మధ్య పందెం జరిగింది. ఓడిన పక్షం ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళాలన్నది ఒప్పందం. బ్రహ్మనాయుడి పక్షం ఓడి వలస వెళ్ళింది. గడువు తీరిన తరువాత తమ భాగాన్ని తిరిగి ఇవ్వమని కోరుతూ అలరాజును రాయబారిగా పంపారు. ఇతడు నలగామరాజుకు స్వయానా అల్లుడు. రాయబారం విఫలమైంది. తిరుగు ప్రయాణంలో చర్లగుడిపాడు వద్ద అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. అతని భార్య పేరిందేవి సహగమనం చేసింది. ఈ మరణాలతో సంధికి దారులు మూసుకుపోయి యుద్ధం అనివార్యమైంది.

కార్యమపూడి రణరంగంలో బ్రహ్మనాయుడి కుమారుడు బాలచంద్రుడు, దండనాయకుడు కన్నమదాసు మొదలైన వారు పోరాడారు. యుద్ధకాలాన్ని గురించి పండితులలో కొంత భేదాభిప్రాయం ఉన్నా, 1176 - 1182 మధ్య జరిగిందని ఎక్కువమంది భావిస్తారు. రెండు పక్షాలూ దాదాపు నాశనమయ్యాయి. చివరకు బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగామరాజుకే అప్పగించి, గుత్తికొండ బిలంలోకి వెళ్ళి అదృశ్యమయ్యాడని గాథ చెబుతుంది. ఈ బిలం పిడుగురాళ్ళకు సమీపంలో ఉంది.

ఈ యుద్ధం పల్నాటితోనే ఆగలేదు. తీరాంధ్రంలో వెలనాటి చోడుల బలం క్షీణించడానికి ఇది ఒక కారణమైందని చరిత్రకారుల అభిప్రాయం. ఆ తరువాత కొద్ది కాలానికే కాకతీయ రుద్రదేవుని ప్రాబల్యం ఇటువైపు విస్తరించింది. 1185 నాటి త్రిపురాంతక శాసనం దీనికి సాక్ష్యం.

మతపరమైన కోణం

పల్నాటి యుద్ధాన్ని కొందరు కేవలం దాయాదుల పోరుగా చూస్తారు. మరికొందరు వైష్ణవ, శైవ మతాల మధ్య సంఘర్షణగా చూస్తారు. బ్రహ్మనాయుడు చెన్నకేశవుని భక్తుడు. మాచర్లలోని లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయానికి ఆయన పేరుతో విడదీయరాని సంబంధం ఉంది. నాగమ్మ శివభక్తురాలని గాథలు చెబుతాయి. 12వ శతాబ్దంలో దక్కనులో వీరశైవం, వీరవైష్ణవం రెండూ ఉధృతంగా ఉండేవి. కాబట్టి రాజ్యకాంక్షకు మతభేదం తోడయిందనడం అసంగతం కాదు.

అయితే వీరుల గుడిని చూసినవారికి ఈ విభజన అంత సూటిగా కనిపించదు. వైష్ణవుడైన బ్రహ్మనాయుడి పక్షాన మరణించిన వీరులను ఇక్కడ లింగాకారపు శిలల రూపంలో పూజిస్తారు. యుద్ధం ముగిశాక వీరులు లింగాలుగా మారారని గాథ. ఉత్సవాలలో చెన్నకేశవస్వామికి, అంకాలమ్మకు, పోతురాజుకు కూడా స్థానం ఉంది. అంకాలమ్మ వీరుల ఇలవేల్పు. ఈ విధంగా వైష్ణవం, శైవం, గ్రామదేవతారాధన మూడూ వీరాచారంలో కలిసిపోయాయి. మత సంఘర్షణగా చెప్పుకునే యుద్ధానికి గుర్తుగా నిలిచిన గుడిలోనే ఆ మతాలు ఒకటి కావడం గమనింపదగినది.

చాపకూడు

బ్రహ్మనాయుడు ప్రవేశపెట్టినట్లు చెప్పే సంస్కరణలలో చాపకూడు ముఖ్యమైనది. అన్ని కులాలవారు చాపలపై ఒకే బంతిలో కూర్చుని భోజనం చేయడమే చాపకూడు. మాల కులానికి చెందిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కుమారునిగా స్వీకరించి సైన్యాధిపత్యం ఇచ్చాడని గాథ. బాలచంద్రుడి వెంట యుద్ధానికి వెళ్ళిన సహచరులు కూడా వేర్వేరు కులాల యువకులే. వారిలో బ్రాహ్మణుడైన అనపోతు ఒకడు. మిత్రుడిని యుద్ధానికి దూరంగా ఉంచాలని బాలచంద్రుడు అతడిని ఒక నెపంతో వెనక్కి పంపాడు. ఆ సంగతి తెలుసుకున్న అనపోతు ప్రాణత్యాగం చేసుకున్నాడు. యుద్ధరంగానికి చేరకుండానే మరణించినా అతడు కూడా వీరులలో ఒకడయ్యాడు.

చాపకూడు నాటి సమాజంలో ఎంతవరకు ఆచరణలోకి వచ్చిందో చెప్పడానికి సమకాలీన శాసనాధారాలు లేవు. ఆ సమాచారమంతా తరువాతి కావ్యం, గాథల నుండి లభిస్తున్నదే. అయినా ఎనిమిది వందల సంవత్సరాల తరువాత కూడా ఉత్సవాలలో మూడవ రోజున చాపకూడు జరగడం ఆ భావన బలాన్ని తెలుపుతుంది. ఏడాదిలో ఒక్కపూట అందరూ ఒకే బంతిలో తిన్నంత మాత్రాన మిగిలిన రోజులలోని భేదాలు తొలగిపోవు. కాని ఆ భేదాలు ఉండకూడదని ఒకప్పుడు ఇక్కడివారు తలచారన్న జ్ఞాపకాన్ని ఆ పూట నిలుపుతున్నది.

వీరారాధన ఉత్సవాలు

కార్తీక అమావాస్యతో మొదలయ్యే ఉత్సవాలు సాధారణంగా నవంబరు లేదా డిసెంబరు నెలలో వస్తాయి. ఐదు రోజులకూ ఐదు పేర్లు ఉన్నాయి.

మొదటి రోజు - రాచగావు: ఉత్సవాలకు ఆరంభం. గావు అంటే గ్రామదేవతలకు సమర్పించే బలి.

రెండవ రోజు - రాయబారం: అలరాజు రాయబారాన్ని, అతని మరణాన్ని స్మరించే రోజు.

మూడవ రోజు - మందపోరు: వలసలో ఉండగా బ్రహ్మనాయుడి ఆలమందలపై జరిగిన దాడిని, మందలను కాపాడుతూ నేలకొరిగిన కాపరి లంకన్నను స్మరిస్తారు. చాపకూడు జరిగేది ఈ రోజే.

నాలుగవ రోజు - కోడిపోరు: చిట్టిమల్లు, శివంగిడేగల పందెాన్ని గుర్తుచేసే ఘట్టం.

ఐదవ రోజు - కల్లిపాడు: యుద్ధాన్ని, వీరుల మరణాన్ని స్మరించే రోజు. దీనితో ఉత్సవాలు ముగుస్తాయి.

కథలో కోడిపందెం మొదట జరిగింది. మందపోరు, రాయబారం ఆ తరువాతివి. ఉత్సవాలలో మాత్రం ఈ వరుస పాటించరు. రాయబారం ముందుగా వస్తుంది, కోడిపోరు యుద్ధానికి ముందు రోజున వస్తుంది. కనుక ఈ ఐదు రోజులను కథను క్రమంగా ప్రదర్శించే నాటకంగా కాక, వినాశనానికి దారితీసిన ఘట్టాలను స్మరించే క్రతువుగా అర్థం చేసుకోవాలి.

వీరాచారాన్ని పాటించే కుటుంబాలవారిని ఆచారవంతులు అంటారు. వీరుల ఆయుధాలకు కొణతాలు అని పేరు. బ్రహ్మనాయుడి ఆయుధమైన నృసింహకుంతం గాథలలో ప్రసిద్ధం. ఆచారవంతులు తమ ఇళ్ళలో తరతరాలుగా భద్రపరచుకున్న కొణతాలను ఉత్సవాలకు కారంపూడి తెస్తారు. పల్నాటి గ్రామాల నుండే కాక ఇతర జిల్లాల నుండి, తెలంగాణ నుండి కూడా వీరు వస్తారు. కొణతాలను నాగులేటిలోని గంగాధర మడుగులో శుభ్రపరచి, పూజించి, ఊరేగింపుగా గుడికి చేరుస్తారు. పిడుగు వంశీయులు వీరాచార పీఠాధిపతులుగా ఈ క్రతువులను నడిపిస్తారు.

కల్లిపాడు నాడు ఆచారవంతులు వీరుల వలె ఆవేశంతో నేలకు ఒరిగే ఘట్టం ఉంటుంది. దీనిని వీరులు ఒరగడం అంటారు. చనిపోయారు అనే మాటను ఇక్కడ వాడరు. ఒరిగిన వీరుడు మరుసటి ఏడు మళ్ళీ లేస్తాడని, తన వంశంవారి చేతిలోని ఆయుధంలో ఉంటాడని వారి నమ్మకం.

గాథా సంప్రదాయం

వీరుల గుడికి రాతి కట్టడం ఎంత ముఖ్యమో పాట అంతకంటె ముఖ్యం. పల్నాటి వీరుల కథను పాడే వృత్తి గాయకులను వీరవిద్యావంతులు అంటారు. వీరు మాల కులానికి చెందినవారు. కావ్యంగా గ్రంథస్థం కాని ఎన్నో ఘట్టాలు వీరి నోటనే నిలిచాయి. ఉత్సవ దినాలలో ఆయా రోజులకు తగిన కథను వీరు గానం చేస్తారు.

ఈ కథ చాలా కాలం క్రిందటే పల్నాడు దాటింది. కాకతీయుల కాలపు ఓరుగల్లును వర్ణించే క్రీడాభిరామంలో పల్నాటి వీరుల కథను పాడుతున్న దృశ్యం ఉంది. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రను ద్విపదలో రచించాడని ప్రసిద్ధి. లభించిన భాగంలో బాలచంద్రుని యుద్ధమే ప్రధానం. దీనిని 1911లో అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి ప్రకటించాడు. ముదిగొండ వీరభద్రకవి వీరభాగవతం రచించాడు. తంగిరాల వెంకట సుబ్బారావు తెలుగు వీరగాథా కవిత్వంపై విస్తృతంగా పరిశోధన చేశాడు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ ఆలిసెట్టి గాలెయ్య అనే వీరవిద్యావంతుని గానాన్ని రికార్డు చేసి, దాని ఆధారంగా ద ఎపిక్ ఆఫ్ పల్నాడు అనే గ్రంథాన్ని 1982లో వెలువరించాడు. ఈ గ్రంథం వలన పల్నాటి కథ ప్రపంచ మౌఖిక ఇతిహాసాల అధ్యయనంలో స్థానం పొందింది.

పల్నాటి యుద్ధం పేరుతో రెండు చలనచిత్రాలు వచ్చాయి. 1947 నాటి చిత్రాన్ని గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించగా, ఆయన మరణానంతరం ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశాడు. ఇందులో గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడిగా, కన్నాంబ నాగమ్మగా, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రుడిగా నటించారు. 1966 నాటి చిత్రంలో బ్రహ్మనాయుడిగా నందమూరి తారక రామారావు, నాగమ్మగా భానుమతి నటించారు.

పల్నాటిలో స్మారక చిహ్నాల పూర్వ చరిత్ర

చనిపోయినవారి జ్ఞాపకార్థం శిలలు నిలపడం పల్నాటికి యుద్ధంతో వచ్చిన ఆచారం కాదు. అంతకు సుమారు తొమ్మిది వందల సంవత్సరాల ముందే ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండ లోయలో, ఛాయాస్తంభాలు నిలిపారు. మరణించిన రాజులు, సేనానులు, యుద్ధంలో నేలకొరిగిన యోధులు, చేతిపనివారి పెద్దలు కూడా ఈ స్తంభాల ద్వారా స్మరణకు నోచుకున్నారు. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుని స్మారకంగా, అతని కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో నిలిపిన స్తంభం వీటిలో పేరెన్నికగన్నది. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునగక ముందు జరిపిన త్రవ్వకాలలో ఇవి వెలుగులోకి వచ్చాయి.

తరువాతి శతాబ్దాలలో తెలుగు, కన్నడ దేశాలలో వీరగల్లులు విస్తారంగా వెలిశాయి. పశువులను కాపాడుతూనో, ఊరిని కాపాడుతూనో, యుద్ధంలోనో మరణించినవారి రూపాలను రాతిపై చెక్కి నిలిపేవారు. వీరగల్లు సాధారణంగా ఒక వ్యక్తికి చెందినది. దానిని నిలిపిన కుటుంబం అంతరిస్తే, ఆ రాయి పొలం గట్టున పేరు తెలియని బొమ్మగా మిగిలిపోతుంది. కారంపూడిలో వీరులందరికీ కలిపి గుడి, పూజారులు, గాయకులు, ఏటేటా తిరునాళ్ళు ఏర్పడడం వలన పేర్లు నిలిచాయి.

ఇతర వీరారాధనలతో పోలిక

మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతర కూడా కాకతీయుల సైన్యంతో పోరాడి మరణించిన గిరిజన వీరవనితల స్మరణే. అక్కడ విగ్రహాలు ఉండవు. అమ్మవార్లు గద్దెలకు రావడమే ప్రధాన ఘట్టం. కాటమరాజు కథలోని యాదవ వీరులను కొలిచే సంప్రదాయం మరొకటి. తెలుగు గ్రామాలలో హిందువులు, ముస్లిములు కలిసి జరుపుకునే పీర్ల పండుగ 680లో కర్బలాలో అమరులైన ఇమామ్ హుసేన్, ఆయన అనుచరుల స్మరణ. వీటి చరిత్రలు, విశ్వాసాలు వేరు. అయినా కారంపూడిలో కొణతాలు, మేడారంలో గద్దెలు, పీర్ల చావిడిలో పీర్లు, మరణించిన వారి సాన్నిధ్యానికి గుర్తులుగా ఊరేగింపులతో, మొక్కులతో గౌరవం పొందుతున్నాయి. ఈ సామ్యం వలన కారంపూడి ఆచారం తెలుగువారి విస్తృత వీరారాధనలో భాగమని గ్రహించవచ్చు.

ప్రాముఖ్యత

వీరుల గుడి గెలిచినవారి విజయస్తంభం కాదు. ఈ యుద్ధంలో గెలిచినవారెవరో చెప్పడం కూడా కష్టం. బ్రహ్మనాయుడు కుమారుని కోల్పోయాడు, నలగామరాజు అల్లుడిని, కుమార్తెను కోల్పోయాడు. రాజ్యం మిగిలినా ఏలవలసినవారు మిగలలేదు. పల్నాటి సీమలో కక్షల ప్రస్తావన వచ్చినప్పుడల్లా బాలచంద్రుని పౌరుషాన్ని గుర్తుచేయడం పరిపాటి. ఆ పౌరుషానికి చెల్లించిన మూల్యం మాత్రం కల్లిపాడు నాడు నేలకు ఒరిగే వీరులలో కనిపిస్తుంది.

నాగమ్మ పాత్రపై అభిప్రాయాలు కాలక్రమంలో మారాయి. గాథలలో ఆమె కుటిల మంత్రిణి. ఆధునిక రచయితలు కొందరు ఆమెను స్వశక్తితో మంత్రి పదవిని పొంది, సైన్యాన్ని నడిపిన సమర్థురాలిగా చూపారు. కథను ఒక పక్షంవారి స్మారకమే తరతరాలుగా కాపాడుతూ వచ్చింది కాబట్టి, రెండవ పక్షం మాట అంతగా వినిపించలేదన్నది వీరి వాదన.

ఏమైనా, శాసనాలు అంతగా చెప్పని ఒక యుద్ధాన్ని, అందులో మరణించిన బ్రాహ్మణుడు మొదలు మాల దండనాయకుడి వరకు అందరినీ సమాన గౌరవంతో ఒకే గుడిలో నిలిపి, వారి కథను పాటగా, వారి ఆయుధాలను ఇంటి దైవాలుగా ఎనిమిది శతాబ్దాలు కాపాడినవారు సామాన్య ప్రజలు. చరిత్ర విద్యార్థులు, జానపద సాహిత్య పరిశోధకులు పల్నాటి కథను చదవడంతో పాటు కార్తీక అమావాస్య వేళ కారంపూడిని దర్శిస్తే ఆ కథ ఏ విధంగా నిలిచి ఉందో తెలుస్తుంది.